బాత్రూములో జారిపడిన నాయన, ఊరు వదలనంటున్న అమ్మ: ఇంట్లో ఏమేం మార్పించాల?

తుంగభద్రోడు
కర్నూలు పాతబస్తీలో మా ఇల్లు. నాయనకు 76, అమ్మకు 71. ఇద్దరే ఉంటారు. నేను హైదరాబాదులో, చెల్లెలు బెంగుళూరులో. పోయిన మంగళవారం తెల్లారుజామున నాయన బాత్రూములో జారి పడినాడు. లోపల గడియ పెట్టుకున్నాడు. అమ్మ తలుపు కొట్టి కొట్టి, వీధిలోకి పోయి కేకలేస్తే పక్కింటి పిల్లోడు వచ్చి వెంటిలేటరు అద్దాలు పీకి, లోపలికి దూకి గడియ తీసినాడు. అంతా ముప్పావు గంట. తుంటి దగ్గర కమిలింది, ఎముక విరగలేదు. నాకు ఫోన్ వచ్చింది పది గంటలకు. అది కూడా అమ్మ చెయ్యలేదు, ఆ పిల్లోడు చేసినాడు.

మాతో వచ్చి ఉండమంటే "నీ అపార్టుమెంటులో నాకు పొద్దు పోదురా" అంటాడు. అమ్మ తులసికోటను చూపిస్తుంది. చెల్లెలేమో "అడిగేదేంది, కారెక్కించుకొని వచ్చెయ్" అంటుంది. నాకు ఇల్లే మార్పిద్దామని ఉంది. 60 వేల దాకా పెట్టగలను.

ఇల్లు ఇట్లుంటుంది. బాత్రూములో, నడవలో నున్నటి కడప బండలు. రూము రూముకూ గడప. 2009 వరదల్లో మునిగినాక ముందర భాగం పడగొట్టి ఎత్తు లేపి కట్టించినాడు, అందుకని వాకిట్లోకి 5 మెట్లు. పట్టుకునేదానికి పుల్ల కూడా లేదు. యాడ మొదలుపెట్టాల?

ఎర్రముక్కపల్లి_పిల్ల
గడియతో. ఈరోజే. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

కడపలో మా పెద్దమ్మ ఇట్లే పడి తలుపుకు అడ్డంగా ఉండిపోయింది. తలుపు లోపలికి తెరుచుకునేది. గడియ ఊడగొట్టినా తలుపు కదలదు, గట్టిగా నెడితే ఆమెకే తగులుతుంది. చివరికి తలుపునే కోసినారు. ఇప్పుడు బయటికి తెరుచుకునేట్టు తిప్పించినాం. గడియ తీసేసి, బయట నుంచి రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే తెరుచుకునే లాకు పెట్టించినాం. వడ్రంగికి ఒక పూట పని.

బుడ్డలపొడి
మా ఇంట్లో ఇరవై ఏండ్ల నుంచి బాత్రూముకు గడియే లేదు. లోపల ఉన్నోళ్లు పాట పాడాల. పాట ఆగిందంటే లోపలికి పోయి చూడాల.

తుంగభద్రోడు
మా నాయన పాట విన్నోళ్లెవరూ లోపలికి పోరు అన్నా. గడియ సంగతి మాత్రం ఈ శనివారమే చూస్తా.

టెక్సాస్_సీమోడు
నేను అనంతపురంలో మా అమ్మకు చేసింది చెప్తా. హాల్లో, వంటింట్లో, నడవలో కెమెరాలు. చేతికి వాచీ, పడితే దానంతట అదే నాకు మెసేజీ పంపుతుంది. మంచం పక్కన నొక్కే బటన్. ఈడ కూర్చొని అంతా ఫోన్లో చూసుకుంటా. నిమ్మళంగా ఉంటుంది.

మేస్త్రీ_కొడుకు
టెక్సాస్ అన్నా, వాచీ పడినాక చెప్తుంది. పడకుండా చూసేది బండ కదా.

మాది బేతంచెర్ల, రాయి మధ్యలో పుట్టినోళ్లం. కడప బండను తప్పు పట్టాకండి, పాలిష్‌ను తప్పు పట్టండి. అదే బండ పాలిష్ లేకుండా వేస్తే తడి మీద కూడా కాలు నిలబడుతుంది. మన తాతల కాలంలో జలదారి దగ్గర గరుకు బండ వేసింది అందుకే. ఇప్పుడు అందరికీ అద్దం మాదిరి మెరవాల.

ఉన్న బండలు పీకాల్సిన పని లేదు. ఉలితో గంట్లు కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నడిచే దారికి అడ్డంగా, అంగుళం అంగుళంన్నర ఎడంగా సన్నగా కొట్టించండి. నిలువుగా కొడితే ప్రయోజనం లేదు. లేదంటే పైన మ్యాట్ టైలు వేసుకోవచ్చు. అప్పుడు లోపలి మట్టం లేస్తుంది, నీళ్లు నడవలోకి వస్తాయి, వాటం చూసుకోవాల. షాపులో "జారదు సార్" అంటే నమ్మాకండి. టైలు మీద చెంబెడు నీళ్లు పోయించి, చెప్పులు విడిచి నిలబడి చూడండి.

ఇంకోటి, బోరు నీళ్లలో ఉప్పెక్కువ. ఆ నీళ్లూ సబ్బూ కలిసి బండ మీద తెల్లటి జిడ్డు పొర కడుతుంది. సగం మంది జారేది ఆ పొర మీదే. వారానికొకసారి గట్టి బ్రష్షుతో రుద్దించండి.

రాంనగర్_రాజా
ఇంత పనెందుకు? బాత్రూము ఆసిడ్ పోసి పది నిమిషాలు ఉంచితే బండ గరుకైపోతుంది. మేం అట్లే చేసినాం.

మేస్త్రీ_కొడుకు
రాజా, పోసినప్పుడు బుసబుస పొంగిందా? కడప బండ సున్నపురాయి. ఆసిడ్ దాన్ని తినేస్తుంది. గరుకవుతుంది నిజమే, కానీ ఒకచోట గుంత, ఒకచోట నున్నగా ఉంటుంది. ఆ గుంతల్లో పాకుడు చేరుతుంది. మూసిన బాత్రూములో ఆ పొగ ముసలోళ్లు పీలిస్తే వేరే కథ. వద్దు.

రాంనగర్_రాజా
పాకుడు చేరిన మాట నిజమే. ఇంట్లో ఇన్నాళ్లూ పనమ్మాయిని తిడతాన్నాం.

నైట్‌డ్యూటీ_సిస్టర్
బండ గురించి ఇంత మాట్లాడినారు, మనిషి గురించి ఒక్కరూ అడగలేదు. తుంగభద్ర గారూ, నాయన ఎందుకు పడినారు? తడి మీద జారినారా, లేచిన వెంటనే కళ్లు తిరిగినాయా? రెండూ ఒకటి కాదు.

తెల్లారుజామున అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. బీపీ మాత్ర వేసుకుంటారా? ప్రోస్టేట్ మాత్ర ఉందా? ఆ రకం మాత్రల్లో కొన్నింటికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడినాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడమని డాక్టరును అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మాత్రలో, వేసుకునే టైములో మార్పు చేస్తారు. మీరే మాత్రలు ఆపెయ్యాకండి. అంతదాకా మంచం మీద లేచి కూర్చొని, కాళ్లు కిందికి పెట్టి, రెండు నిమిషాలు ఆగి నిలబడమనండి. నిద్ర మాత్ర ఏదైనా వేసుకుంటాంటే అదీ డాక్టరుకు చెప్పండి.

షుగరు ఉంటే పాదాలు చూడండి. స్పర్శ తగ్గినోళ్లకు హవాయి చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియదు. వెనక పట్టీ ఉండే చెప్పులు కొనివ్వండి.

తుంగభద్రోడు
సిస్టర్, బీపీకి ఒకటి, ప్రోస్టేట్‌కు ఒకటి, రెండూ రాత్రి అన్నం తిన్నాక ఒకేసారి వేసుకుంటాడు. నేను ఇప్పటిదాకా ఆ చీటీ చదవనే లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చీటీ ఫోటో తీసి పెట్టుకోండి. మీ దగ్గరొకటి, ఫ్రిజ్ మీద అంటించిందొకటి. రాత్రిపూట తీసుకొచ్చినోళ్లను మేం మొదట అడిగేది "ఏ మాత్రలు వాడుతున్నారు" అనే. సగం మంది "తెల్లగా, గుండ్రంగా ఉంటాది మేడం" అంటారు.

కొలతలు_ఇంజినీరు
పట్టుకునే కమ్మీల గురించి. టవలు రాడ్డును కమ్మీ అనుకోవద్దు, మనిషి బరువు పడితే స్క్రూలతో సహా ఊడొస్తుంది. గోడకు గాలితో అతుక్కునే కప్పుల రకం అసలే వద్దు. స్టీలు గొట్టం, పిడికిలి బిగిసేంత లావు (అంగుళంపావు నుంచి అంగుళంన్నర), గోడకూ గొట్టానికీ మధ్య అంగుళంన్నర సందు. సందు ఎక్కువైతే మోచెయ్యి ఇరుక్కుంటుంది.

కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, తలుపు దగ్గర నిలువుగా ఒకటి. పాత ఇల్లు అంటున్నారు కాబట్టి గోడ ఇటుకదా, రాయీ మట్టిదా చూడండి. మట్టి గోడలో యాంకర్ బోల్టు నిలవదు. అప్పుడు నేల నుంచి పైకి లేచే స్టాండు రకం పెట్టించాల. ఎత్తు నేను చెప్పను. మీ నాయనను కుర్చీలో కూర్చోబెట్టి లేవమనండి, ఆయన చెయ్యి దేన్ని వెతుక్కుంటుందో ఆడ చాక్‌పీసుతో గీత గీయండి.

సప్తగిరి_సర్కిల్
ముందర మెట్లకు ర్యాంపు వేసెయ్యండి. రేపు వీల్‌చైరు వచ్చినా పనికొస్తుంది.

కొలతలు_ఇంజినీరు
5 మెట్లంటే మెట్టు 6 అంగుళాలు లెక్కేసుకున్నా 30 అంగుళాల ఎత్తు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవుండాల, అంటే 30 అడుగుల ర్యాంపు. పాతబస్తీ సందులో 30 అడుగులంటే ఎదురింటాయన పడకగదిలోకి పోతుంది. తక్కువ పొడవులో నిటారుగా వేస్తే అది జారుడుబండ. మెట్లకు రెండు పక్కలా గొట్టం వేయించి, మెట్టు అంచుకు పసుపుపచ్చ పెయింటు కొట్టించండి. అన్ని మెట్లూ ఒకే ఎత్తున్నాయో లేదో కూడా చూడండి. అరంగుళం తేడాకే కాలు మోసపోతుంది.

బుడ్డలపొడి
ఎదురింటాయన పడకగది 😂 మా సందులో బుల్లెట్ బండి తిప్పాలంటేనే ముగ్గురి పర్మిషన్ కావాల.

ఎర్రముక్కపల్లి_పిల్ల
గడపల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం తీసేద్దామంటే ఇంట్లో పెద్ద గొడవ. "గడప లేని ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా" అని మా అవ్వ. చివరికి సింహద్వారం గడప అట్లే ఉంచి, లోపలి గదులవి తీయించినాం. వంటింటి గడప తీయొద్దంటే దానికి రెండు పక్కలా సిమెంటుతో వాలు చేయించినాం. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ సింహద్వారం గడప తగిలి పడలేదు. వారం వారం పసుపు రాస్తారు, బొట్లు పెడతారు, కంటికి కొట్టినట్టు కనపడుతుంది. లోపలి గడప బండ రంగులోనే కలిసిపోయి ఉంటుంది, అదే పడేసేది.

మీ అమ్మ బాత్రూము తలుపు దగ్గర పాత చీర మడతపెట్టి వేస్తుందా?

తుంగభద్రోడు
వేస్తుంది. నాలుగు మడతలు.

ఎర్రముక్కపల్లి_పిల్ల
అది తీసెయ్యండి. నున్నటి బండ మీద చీర మడత అంటే చక్రాలు కట్టినట్టే. అడుగున రబ్బరు ఉండే పట్టా వేయండి.

ఫేజు_న్యూట్రలు
కరెంటు పని చేసేవాణ్ణి. మంచం దగ్గర స్విచ్చు ఉందా? తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి, రెండు చోట్ల నుంచీ ఒకే లైటు వెలిగే కనెక్షను ఇప్పించండి. నడవలో మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు పెట్టించండి. కరెంటు పోతే వెలిగే బ్యాటరీ బల్బు బాత్రూములో ఒకటి ఉండాల.

వేన్నీళ్లకు రాడ్డు వాడుతున్నారా? నిజం చెప్పండి.

తుంగభద్రోడు
గీజరు ఉంది. నాయన వాడడు, కరెంటు దండగంట. బకెట్లో రాడ్డే.

ఫేజు_న్యూట్రలు
అనుకున్నా. రాడ్డు కూడా కరెంటుతోనే పని చేస్తుందని చెప్పండి సార్ 🙏 నీళ్లు కాగినాయా లేదా అని వేలు ముంచి చూస్తారు, స్విచ్చు ఆపకుండా. రాడ్డు దాచెయ్యండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు వేయించండి, కరెంటు లీకైతే రెప్పపాటులో ట్రిప్ అయి సప్లై ఆపేస్తుంది. పాత ఇంట్లో ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో కూడా చెక్ చేయించండి. గీజరు వేడి తగ్గించి పెట్టండి.

సప్తగిరి_సర్కిల్
మన ఎండాకాలంలో గీజరే అక్కర్లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు కాళ్ల మీద పోసుకుంటే బొబ్బలొస్తాయి. మా మామకు అట్లే అయింది. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడలో పెట్టుకోవాల.

వంటింటి_వనజ
అమ్మకు వాసన తెలుస్తుందా? వయసుతో పాటు అదీ తగ్గుతుంది, గ్యాస్ లీకైనా పసిగట్టలేరు. రబ్బరు పైపు మీద తేదీ ఉంటుంది, 5 ఏండ్లు దాటితే మార్పించండి. లీకైతే 1906 అని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

అటక మీద డబ్బాలన్నీ కిందికి దించండి. మా అత్త స్టూలెక్కి పడింది ఊరగాయ జాడీ కోసం. జాడీ పగల్లేదు, మణికట్టు విరిగింది. ఇప్పటికీ "జాడీ పగల్లేదు చూడు" అంటుంది.

టెక్సాస్_సీమోడు
ఇవన్నీ బాగున్నాయి కానీ కెమెరా మాత్రం తప్పనిసరి అంటాను. మనం దూరంగా ఉంటాం కదా, చూసుకోకపోతే ఎట్లా?

రిటైర్డ్_లెక్కలసారు
రెండు రోజుల నుంచి చదువుతున్నాను. నాకు 74. అనంతపురంలో నేనూ, మా ఇంటామే ఉంటాం. ఈ చర్చలో మీరందరూ ఎవరి గురించి మాట్లాడుతున్నారో, ఆ మనిషిని నేను.

మా అబ్బాయి కూడా హాల్లో కెమెరా పెట్టినాడు. నేను దాని మీద టవలు కప్పినాను. "నాయనా, కెమెరాకేదో అడ్డమొచ్చింది" అని ఫోన్ చేసినాడు. వారానికొకసారి కూడా ఫోన్ చెయ్యనోడు నాలుగు నిమిషాల్లో చేసినాడు. అప్పటి నుంచి వాడితో మాట్లాడాలనిపిస్తే టవలు కప్పుతాను.

ఇది తమాషా. అసలు సంగతి వేరే. మీ నాయన పడితే మీ అమ్మ ఎందుకు ఫోన్ చెయ్యలేదో మీకు అర్థమైందా అబ్బీ? మాకు తెలుసు. పడినామని చెప్తే మరుసటి రోజు కారొస్తుంది. సామాన్లు సర్దుతారు. ముప్పై ఏండ్లు ఇదే వీధిలో పాలాయనతో, కూరగాయలామెతో, టీ కొట్టు దగ్గర నాలాంటి నలుగురితో గడిపిన మనిషిని తొమ్మిదో అంతస్తులో కూర్చోబెడతారు. అందుకని మోకాలు కమిలితే మంచం కోడు తగిలిందంటాం. నేనూ చెప్పినాను అట్లాంటి అబద్ధం. ఒకసారి కాదు.

"పడితే తీసుకుపోను, ఈడనే బాగు చేయిస్తాను" అని మీరు ముందు మాటివ్వండి. అప్పుడు నిజం చెప్తాడు. ఇది ఎన్నోసారి అని అడగండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సార్ చెప్పింది నిజం. మా దగ్గరికి తుంటి విరిగి వచ్చినోళ్లలో చాలామంది అంతకు ముందు రెండు మూడు సార్లు పడి, చెప్పకుండా ఊరుకున్నోళ్లే.

టెక్సాస్_సీమోడు
సార్, మా అమ్మ కూడా నెలలో రెండుసార్లు కెమెరా వైరు "ఎలుక కొరికింది" అంటుంది. ఇప్పుడు డౌటు వస్తాంది.

బుడ్డలపొడి
ఆ ఎలుకకు 70 ఏండ్లుంటాయి అన్నా.

తుంగభద్రోడు
సార్, నిన్న రాత్రి ఫోన్లో అడిగినా. మొదట "ఏం ఎన్నోసారి, నోరు మూసుకో" అన్నాడు. మీరు చెప్పినట్టే మాటిచ్చినా. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మూడోది" అన్నాడు. రెండోసారి దసరాకు నేను ఇంట్లో ఉన్నప్పుడే, మెట్ల మీద. నేను మిద్దె మీద ఫోన్ మాట్లాడుతున్నానంట.

ఎర్రముక్కపల్లి_పిల్ల
😔

కొడుమూరు_చిన్నోడు
నా ప్రశ్న కూడా ఈడనే అడిగేస్తా. ఒకవేళ పడి తుంటి విరిగితే పుత్తూరు కట్టుకు తీసుకుపోవచ్చా? మా ఇంట్లో అందరూ అదే అంటారు, మా చిన్నాయనకు చెయ్యి విరిగితే కట్టుతోనే అతుక్కుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెయ్యి వేరు, తుంటి వేరు. ముసలోళ్లకు తుంటి విరిగితే చాలావరకు ఆపరేషన్ అవసరం, అదీ తొందరగా. కట్టి నెలల తరబడి పడుకోబెడితే ఊపిరితిత్తులకు నిమ్ము పడుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాలి నరాల్లో రక్తం గడ్డ కడుతుంది.

పడిన మనిషి కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటే లేపి నిలబెట్టాకండి, నూనె రాసి తోమాకండి. అట్లే పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. రక్తం పలచన చేసే మాత్రలు వాడే మనిషి తల కొట్టుకుంటే, బాగానే మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే.

సప్తగిరి_సర్కిల్
పెద్దోళ్ల కోసం 14567 అని ఒకటుంది కదా, దానికి చెయ్యకూడదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
అది పింఛను, చట్టం, ఎవరైనా హింసిస్తుంటే సాయం, తోడు మాట, ఇట్లాంటి వాటికి. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. అంబులెన్సు కాదు. పడితే 108, లేదా 112.

రిటైర్డ్_లెక్కలసారు
మా ఏర్పాటు చెప్తాను, పైసా ఖర్చు లేదు. పొద్దున ఆరున్నరకు పేపరు పడుతుంది. ఏడున్నరకు కూడా గుమ్మంలో పేపరు అట్లే ఉంటే ఎదురింటాయన వచ్చి తలుపు కొడతాడు. తెరవకపోతే ఆయన దగ్గర తాళంచెవి ఉంది. ఆయనింటి పేపరును నేను చూస్తాను. ఒకరోజు ఇద్దరం ఊళ్లో లేం, పేపరాయన ఇద్దరి కోసం పోలీసులకు చెప్పబోయినాడు.

ఫోను మెడలో వేసుకుంటాను, దారం కట్టి. మా ఇంటామె గంట కట్టిన ఆవు మాదిరున్నావు అంటుంది. బాత్రూములోకి కూడా తీసుకుపోతాను. పాత కీప్యాడు ఫోను, 2 నొక్కి పట్టుకుంటే అబ్బాయికి పోతుంది, 3 నొక్కితే ఎదురింటికి. 3 ముందు నొక్కమని నా సలహా. మా అబ్బాయి పూణెలో ఉంటాడు.

వంటింటి_వనజ
మా అమ్మ రోజూ ఆరుకు వాట్సాప్‌లో గుడ్ మార్నింగు పూలబొమ్మ పంపుతుంది. ముందు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఏడైనా పువ్వు రాకపోతే నాకు కాళ్లాడవు.

తుంగభద్రోడు
మూడు వారాలైంది. చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగినారు కాబట్టి చెప్తాన్నా.

వారం సెలవు పెట్టి కర్నూలు పోయినా. బాత్రూము తలుపు తిప్పించినాం, లాకు మార్చినాం. గోడ ఇటుకదే, కమ్మీలు గట్టిగా కూర్చున్నాయి. బండలకు గంట్లు కొట్టేదానికి వచ్చిన ముసలాయనకూ నాయనకూ దోస్తీ కుదిరి, పూట పని రెండు రోజులైంది. ముందర మెట్లకు రెండు పక్కలా గొట్టాలు. నాలుగో మెట్టు మిగతా వాటికంటే ముప్పావు అంగుళం ఎత్తుందని టేపు పెట్టి కొలిస్తే తేలింది, దసరాకు పడింది అదే మెట్టు మీద. సరిచేయించినాం. కమోడు మీద నాలుగంగుళాల ఎత్తు సీటు వేసినాం. ఆర్‌సీసీబీ వేయించినాక మొదటి రోజే మూడుసార్లు ట్రిప్ అయింది. పాత మోటరు లీకేజీ అంట. అంటే ఇన్నేండ్లూ అమ్మ తడి చేతుల్తో ఆ స్విచ్చే వేస్తాండింది.

డాక్టరు బీపీ నిలబెట్టి చూసినాడు. 24 తగ్గింది. మాత్రల టైములు మార్చినాడు.

ఓడిపోయినవి: అమ్మ కల్లాపి చల్లడం, తడి మెట్ల మీద వంగి ముగ్గేయడం మానదు. ముగ్గు స్టిక్కరు తెస్తానంటే రెండు పూటలు నాతో మాట్లాడలేదు. గొట్టం పట్టుకొని దిగి, వీధిలో వేస్తానని మాత్రం ఒప్పుకుంది. కొళాయి నీళ్లు వచ్చే పొద్దు బిందెలు మోయడం ఇంకా సాగుతోంది, పైపు వేయిస్తే "కాలికి అడ్డం" అని చుట్టి పక్కన పెట్టింది. కెమెరా పెట్టలేదు. చెల్లెలు ఇంకా కోపంగానే ఉంది. పక్కింటి పిల్లోడి దగ్గర తాళంచెవి ఇచ్చినా. లెక్కైతే మొత్తం 47 వేలు.

నిన్న వీడియో కాల్‌లో నాయన బాత్రూము చూపించినాడు. 304 గ్రేడు స్టీలు కమ్మీ మీద తడి పంచె ఆరేసినాడు.

కొలతలు_ఇంజినీరు
ఏ కమ్మీ మీద? కమోడు పక్కదా, తలుపు దగ్గరదా?

తుంగభద్రోడు
తలుపు దగ్గరది నిలువుగా ఉంది కదన్నా, దానికి లుంగీ చుట్టినాడు. పంచె కమోడు పక్కన.

రిటైర్డ్_లెక్కలసారు
బట్టలకు వేరే తీగ కట్టించు అబ్బీ. నేనూ కట్టించుకున్నాను.